కాస్పిర్: చక్రం కింద 21 కిలోలు, పొట్ట కింద 14 కిలోలే ఎందుకు?

ఉక్కురేకు (ప్రశ్న):
దక్షిణాఫ్రికాలో తయారైన మందుపాతర నిరోధక వాహనం కాస్పిర్ గురించి ఎక్కడ చదివినా ఒకటే లెక్క కనిపిస్తోంది. చక్రం కింద మూడు టీఎం-57 (సోవియట్ ట్యాంకు విధ్వంసక) మందుపాతరలు, అంటే సుమారు 21 కిలోల టీఎన్‌టీ పేలినా లోపలివాళ్లు బతుకుతారు. బండి పొట్ట (బాడీ అడుగు) కింద అయితే రెండే, 14 కిలోలు. మందుపాతర మీద ఎక్కేది చక్రమే కదా, మరి అక్కడే ఎక్కువ ఎలా తట్టుకుంటుంది? ఇంకో సందేహం: బాడీ అడుగున ఉన్న ఈ వీ ఆకారం మానేసి చదునుగా మందపాటి ప్లేటు వేస్తే బండి ఎత్తు తగ్గుతుంది, బోల్తా భయమూ తగ్గుతుంది. అలా ఎందుకు చేయరు? మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తయారుచేసిన మందుపాతర నిరోధక వాహనం ఆదిత్యకు మూలం కాస్పిర్ మార్క్ 2 కాబట్టి దానికీ ఇవే అంకెలు వర్తిస్తాయా?

గరుకుబాట:
కాపాడాల్సింది మనుషుల్ని, చక్రాన్ని కాదు. కాస్పిర్‌కు విడిగా ఛాసిస్ లేదు, వీ ఆకారపు ఉక్కు బాడీయే దాని ఎముక. ఇరుసులు బాడీ బయట, కింద బోల్టులతో బిగించి ఉంటాయి. చక్రం కింద పేలితే టైరు, హబ్బు, ఒక్కోసారి ఇరుసు మొత్తం తెగి ఎగిరిపోతాయి. అవి తెగిపోవడంలోనే కొంత శక్తి ఖర్చయిపోతుంది. పైగా చక్రం పక్కన ఉంటుంది, బాడీ గోడ అక్కడ పైకీ లోపలికీ వాలి ఉంటుంది. పేలుడుకు దూరమూ దొరుకుతుంది, గ్యాసుకు పక్కకు దారీ దొరుకుతుంది. వీ కొనకు సరిగ్గా కింద పేలితే ఆ దూరమూ లేదు, ముందు బలయ్యే భాగమూ లేదు.

దూరం విలువ చిన్నది కాదు. గాలిలో పేలుడు తరంగానికి లెక్క ఇది: దూరం రెట్టింపు చేస్తే, పేలుడు మందు ఎనిమిదో వంతుకు తగ్గించినంత ఫలితం. అందుకే ఈ బండ్లు అంత ఎత్తుగా నిలబడతాయి.

ఆదిత్యకు కాస్పిర్ అంకెలు అతికించకండి. సూత్రం ఒకటే. కానీ ఇంజను, ఇరుసులు, బరువు మారితే పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

బొగ్గుబండి:
చదును ప్లేటు సంగతి చెబుతాను. తరంగం చదునైన ప్లేటుకు ఎదురుగా తగిలితే తప్పుకునే చోటు ఉండదు, ఒత్తిడి అక్కడికక్కడే రెట్టింపును మించి పెరుగుతుంది. ఏటవాలు గోడ మీద అయితే గ్యాసూ మట్టీ పక్కలకు జారిపోతాయి. మట్టిని తేలిగ్గా తీసుకోకండి. పాతిపెట్టిన మందుపాతర కొట్టే దెబ్బలో పెద్ద వాటా దానిదే, తడి నేలలో మరీ ఎక్కువ. నాటో పరీక్షల్లో పేలుడు మందును తడిపిన ఇసుక-కంకరలో, పైన 10 సెం.మీ. కప్పి పేల్చేది అందుకే.

ప్లేటు మందం పెంచితే అది చిరగకపోవచ్చు. అయినా రెప్పపాటులో పైకి ఉబ్బుతుంది. దాని మీద పాదం ఆనించి ఉంటే మడమ, ముంగాలి ఎముక నుజ్జవుతాయి. బొమ్మ మనిషితో చేసే నాటో పరీక్షలో ముంగాలి మీద భారం 5.4 కిలోన్యూటన్లు దాటకూడదు. అందుకే సీటును నేలకు కాకుండా పైకప్పుకో పక్క గోడకో వేలాడదీయడం, పాదాలకు విడిగా మెట్టు పెట్టడం, నాలుగు పట్టీల బెల్టు. బెల్టు వదులుగా ఉంటే తల పైకప్పుకు కొట్టుకుని మెడ విరుగుతుంది. జాకీ, నీళ్ల క్యాను, తూటాల పెట్టె కట్టి ఉంచకపోతే అవే లోపలివాళ్లను చంపుతాయి.

బోల్తా భయం నిజమే. కాస్పిర్ ఎత్తు దాదాపు 2.85 మీటర్లు, వెడల్పు 2.45. తారు రోడ్డు మీద గంటకు 90 కి.మీ. పోగలదు కదా అని మట్టి బాట అంచున అదే ఊపులో మలుపు తిప్పితే పడుతుంది. ఇక్కడా కాపాడేది బెల్టే.

ఆ 14, 21 కిలోలు ఫ్యాక్టరీలో తయారైన ట్యాంకు మందుపాతరల లెక్క. మావోయిస్టులు కల్వర్టులో దట్టించేది దానికి ఎన్నో రెట్లు. 2005 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ ప్రాంతంలో మందుపాతర నిరోధక వాహనాన్నే పేల్చారు, 20 మందికి పైగా చనిపోయారు. బండి ఉంది కదా అని రోడ్ ఓపెనింగ్ పార్టీని (ముందుగా వెళ్లి దారిలో మందుపాతరలు వెతికే దళాన్ని) మానేయకూడదు.

ఉక్కురేకు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. లోపల అడుగున రేడియో స్టాండు వెల్డింగ్ చేస్తే నష్టమా? చిన్న బ్రాకెట్టే.

గరుకుబాట:
చేయొద్దండీ. కవచపు ఉక్కు బలమంతా దాని హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉంటుంది. వెల్డింగ్ వేడికి చుట్టూ ఉన్న ప్లేటు మెత్తబడుతుంది, కొంత భాగం పెళుసెక్కుతుంది. పేలుడు దెబ్బకు పగులు మొదలయ్యేది ఆ వెల్డింగ్ కుట్టు అంచునే. పైగా ప్లేటు ఉబ్బినప్పుడు ఆ స్టాండు ఊడి పైకి లేస్తుంది. సీటు ఫ్రేముకో, తయారీదారు ముందే ఇచ్చిన బోల్టు రంధ్రాలకో బిగించండి.

దెబ్బతిన్న బాడీకి తప్పక వెల్డింగ్ చేయాల్సి వస్తే ఓవెన్‌లో ఆరబెట్టిన లో-హైడ్రోజన్ రాడ్లే వాడాలి, ప్లేటును ముందుగా వేడి చేయాలి. పని అయిన వెంటనే చూసి బాగుందని సంతకం పెట్టకండి. హైడ్రోజన్ పగుళ్లు ఆలస్యంగా తేలతాయి, అందుకని 48 గంటలు ఆగి మళ్లీ పరీక్షించాలి. వీ కొన పొడవునా ఉన్న కుట్టును ముందు చూడండి.