ఫిబ్రవరిలో శ్రీలంక కొండల్లో సైకిల్ మీద పది రోజులు, రోజుకి 90 కిలోమీటర్లు అత్యాశేనా?

లింగంపల్లి_పెడల్:

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో పది రోజులు సెలవు దొరికేలా ఉంది, సైకిల్ ప్యాక్ చేసుకుని శ్రీలంక కొండల్లో తిరిగొద్దామని ప్లాన్. అనుకుంటున్న రూట్ ఇది: ఎయిర్‌పోర్ట్ నుంచి క్యాండీ, నువారా ఎలియా, హపుతలే, ఎల్లా, వెల్లవాయ, తిస్సమహారామ, అక్కణ్ణుంచి సముద్రం పక్కగా గాలె, తర్వాత ట్రైన్లో వెనక్కి. మ్యాప్‌లో క్యాండీ నుంచి నువారా ఎలియా 80 లోపే చూపిస్తోంది, ఒక్కరోజు పనే కదా? వీకెండ్లో అనంతగిరి వైపు వంద దాటి తొక్కుతుంటా, శ్రీశైలం ఘాట్ కూడా ఎక్కా. గ్రావెల్ బైక్ (మట్టి రోడ్లకీ పనికొచ్చే సైకిల్), గేర్ల పళ్ళు ముందు 46/30, వెనక 11-34, టైర్లు 40 మిల్లీమీటర్లు. టెంట్ మొయ్యాలా, వానలుంటాయా, అక్కడి బస్సులు భయంకరం అంటున్నారు నిజమేనా, పైగా నేను వెజిటేరియన్ని... వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

ఘాట్‌రోడ్_భాను:

బ్రో ముందు ఆ 90 సంగతి మర్చిపో. అక్కడ కిలోమీటర్లు చూస్తే లాభం లేదు, రోజుకి ఎన్ని మీటర్లు ఎక్కాలో అదొక్కటే చూడు. క్యాండీ 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, నువారా ఎలియా 1868, ఊళ్ళోకి దిగేముందు కనుమ అయితే ఇంచుమించు 2000 దాకా పోతుంది. అంటే సామాను కట్టుకుని తిరుపతి నుంచి తిరుమల ఒకే రోజు రెండుసార్లు ఎక్కినట్టు, అది కూడా ఉక్కపోతలో మొదలెట్టి చలిలో ముగించడం. నువారా ఎలియా ఊరే మన రెండు రాష్ట్రాల్లో ఉన్న ఏ కొండ శిఖరం కన్నా ఎత్తు మరి. ఫిబ్రవరి రాత్రుళ్ళు 10 డిగ్రీల కిందకి పడిపోతుంది, ఒక్కోసారి గడ్డి మీద మంచు పేరుకుంటుంది కూడా, కాబట్టి శ్రీలంక అనగానే బనీన్లు సర్దుకుని వెళ్ళిపోకు.

క్యాండీ నుంచి పైకి అందరూ ఏ5 రోడ్డు పట్టుకుంటారు, గంపొల, పుస్సెల్లావ, రంబొడ మీదుగా. రోడ్డు బాగుంటుంది, వాలు కూడా నిలకడగా ఉంటుంది, కానీ బస్సులూ టూరిస్ట్ వ్యాన్లూ అన్నీ దాని మీదే. రంబొడలో జలపాతం పక్కన రాత్రి ఆగి మిగతాది పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఎక్కితే హాయి, దారిలో లబుకెలీ దగ్గర టీ ఫ్యాక్టరీలో ఆగి ఓ కప్పు తాగొచ్చు.

నన్నడిగితే అసలు ఆ రోడ్డే వద్దంటా. క్యాండీ నుంచి గలహ, దెల్తోట వైపు వెళ్ళు. 1867లో జేమ్స్ టేలర్ మొదటిసారి వ్యాపారానికి టీ వేసిన లూల్‌కందుర ఎస్టేట్ అటే ఉంది, అంతకుముందు ఈ కొండలన్నీ కాఫీ తోటలే, ఆకులకి తుప్పు తెగులు పట్టి కాఫీ మొత్తం పోయాక టీకి మళ్ళారు. అక్కణ్ణుంచి రికిల్లగస్కడ, వలపనే, రాగల, కందపొల మీదుగా నువారా ఎలియాకి వెనక నుంచి చేరతావు. ఇది కచ్చితంగా రెండు రోజుల పని, ఎక్కిందంతా మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాలి, కొన్ని వంపుల దగ్గర నెట్టుకుంటూ పోతావు, సిగ్గుపడకు. కానీ గంటకో బస్సు కూడా రాదు, కింద లోయ నిండా టీ తోటలు, బైక్‌ప్యాకింగ్ అంటూ వెళ్ళేది ఇలాంటి రోడ్ల కోసమే కదా. లేకపోతే స్కూటీ అద్దెకి తీసుకుంటే పోలా.

గేర్లు సరిపోతాయి, 30కి 34 అంటే పర్లేదు, సామానే తగ్గించు. రోజులు చాలవు కాబట్టి తిస్స, గాలె కొట్టేసి ఎల్లాలో ఆపెయ్.

చిత్తూరు_చైన్‌రింగ్:

భాను అన్నతో సగమే ఒప్పుకుంటా. కోసేస్తే ముందు భాగం కొయ్యి, చివరిది కాదు. ఎయిర్‌పోర్ట్ ఉండేది కటునాయకలో, పక్కనే నెగొంబో, కొలంబో ఊళ్ళోకి అసలు పోనక్కర్లేదు. నెగొంబోలో ఒక రాత్రి పడుకుని సైకిల్ బిగించుకుని, క్యాండీ దాకా వ్యాన్లో వేసుకుని వెళ్ళిపో. ఏ1 రోడ్డు మీద ఆ వేడిలో లారీల పొగ పీల్చుకుంటూ తొక్కితే వచ్చేదేం లేదు. ఎల్లా నుంచి వెల్లవాయకి దిగే రోడ్డు మాత్రం వదలొద్దు, 1000 మీటర్ల పైనుంచి ఏకంగా కింద మైదానానికి జారిపోతావు, దారిలోనే రావణ జలపాతం. ఇంత కష్టపడి ఎక్కి ఆ దిగుడు దిగకుండా వచ్చేస్తారా ఎవరైనా!

ఒక్క జాగ్రత్త, వెల్లవాయ తర్వాత బుత్తల నుంచి కతరగామ రోడ్డు అడవిలో పోతుంది, ఏనుగులు రోడ్డు మీదకొచ్చి తిండి కోసం బళ్ళు ఆపుతాయి. కార్లో వాళ్ళైతే అద్దం ఎత్తేస్తారు, నువ్వేం చేస్తావ్? ఆ రోడ్డు సైకిల్ మీద వద్దు, తనమల్విల వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళు, అటు కూడా సాయంత్రం నాలుగు దాటాక రోడ్డు మీద ఉండకు.

బస్సుల మాట నిజమే, ముఖ్యంగా ప్రైవేట్ బస్సులు. మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి అలవాటు పడక్కర్లేదు, వెనక హారన్ వినగానే తారు అంచుకి వెళ్ళిపోవడమే, దారి ఇస్తాడులే అనుకోవద్దు. పొద్దున ఆరుకి బయల్దేరితే తొమ్మిది దాకా ఏ5 కూడా ఖాళీగానే ఉంటుంది అన్నా, మరీ అంత భయపెట్టక్కర్లేదు.

తిండి: ఇందియాప్ప అంటే మన ఇడియాప్పమే, ఆప్ప, పరిప్పు అంటే పప్పు, కొబ్బరి రొట్టె, మధ్యాహ్నం అన్నంలోకి నాలుగైదు కూరలు, వెజిటేరియన్‌కి అసలు ఇబ్బందే లేదు అనుకుంటాం కానీ ఉంబలకడ అని ఎండుచేప పొడి ఒకటి ఉంటుంది, కొబ్బరి సంబల్‌లో, కొన్ని కూరల్లో కనపడకుండా వేసేస్తారు. ఆర్డర్ ఇచ్చేముందే ఉంబలకడ వద్దని చెప్పు. రోడ్డు పక్కన తంబిలి, అదే నారింజ రంగు కొబ్బరిబోండాం, ఎలక్ట్రాల్ కన్నా నయం. టీ తోటల్లో అందరూ తమిళమే, బ్రిటిష్‌వాళ్ళు తమిళనాడు నుంచి తీసుకెళ్ళిన కూలీల వారసులు, నాలాగా బోర్డర్ తమిళం వచ్చినా చాలు, దారి చూపించి టీ కూడా పోస్తారు. ఆఖరి క్యాండీ రాజులు మన నాయక వంశం వాళ్ళే, 1815లో ఇంగ్లీషువాళ్ళు దింపేశారు, క్యాండీలో ఒక పూట ఉంటే ఆ ప్యాలెస్ చూడు.

సాడిల్‌బ్యాగ్_వసుధ:

టెంట్ వద్దు. ప్రతి ఊళ్ళో గెస్ట్‌హౌస్‌లు ఉంటాయి, టెంటూ మ్యాటూ వదిలేస్తే మూడు కిలోలు తగ్గుతాయి, నీ గేర్లకి అదే పెద్ద సాయం. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎల్లా పార్టీ హాస్టళ్ళ కన్నా కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలే బెటర్, చీకటి పడకముందే చేరిపోయేలా చూసుకోండి.

వాన: జనవరి నుంచి మార్చి దాకా మధ్య కొండలకి మంచి టైమే, ఈశాన్య రుతుపవనం తూర్పు వాలు మీద, అంటే బదుల్లా వైపు, కొంచెం ఆలస్యంగా తగ్గుతుంది. ఎక్కడైనా మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది కాబట్టి చూడాల్సినవన్నీ పొద్దున్నే. హపుతలేలో బ్యాగులన్నీ రూములో పడేసి ఖాళీ సైకిల్‌తో తెల్లవారకముందే దంబటెన్న మీదుగా లిప్టన్స్ సీట్ అనే వ్యూపాయింట్ ఎక్కు, తొమ్మిది దాటితే తెల్లటి పొగ తప్ప ఏం కనిపించదు.

భాను గారు చెప్పని పాయింట్, బ్రేకులు. ఎక్కడం గురించే అందరూ మాట్లాడతారు గానీ ఆ దిగుళ్ళలో డిస్క్ ప్యాడ్లు కొవ్వొత్తిలా కరిగిపోతాయి. రెండు జతలు స్పేర్ పెట్టుకో, నీ మోడల్‌వే, కొండ ఊళ్ళలో రిపేర్ షాపులుంటాయి కానీ స్టీల్ సైకిళ్ళకే. గేర్లు మార్చే డెరైలర్‌ని పట్టుకునే హ్యాంగర్ కూడా ఒకటి. తడి గడ్డిలో ఆగితే జలగలు పడతాయి, సాక్సులకి సబ్బు రుద్దుకుంటే కొంత నయం.

ఇంకోటి, 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫానుకి క్యాండీ, నువారా ఎలియా, బదుల్లా జిల్లాల్లో బాగా కొండచరియలు పడ్డాయి, రోడ్లూ రైలు పట్టాలూ దెబ్బతిన్నాయి. పాత జీపీఎక్స్ ఫైళ్ళు (ఫోన్లో దారి చూపించే రూట్ ఫైళ్ళు) నమ్ముకుని వెళ్ళకండి, భాను గారి చిన్న రోడ్లకి మరీను. ముందురోజు రాత్రి గెస్ట్‌హౌస్‌లో అడిగి తెలుసుకోవడమే పద్ధతి.

లింగంపల్లి_పెడల్:

అందరికీ థ్యాంక్స్, వసుధక్కా బ్రేక్ ప్యాడ్ల సంగతి అసలు తట్టలేదు. సరే కొత్త ప్లాన్: క్యాండీ దాకా వ్యాన్, దెల్తోట రోడ్డు, నువారా ఎలియాలో ఒకరోజు రెస్ట్, హపుతలే, ఎల్లా, వెల్లవాయ దిగుడు, గాలె కట్. రోజుకి 40, 50 మించకుండా చూసుకుంటా. హపుతలేకి హార్టన్ ప్లెయిన్స్ మీదుగా వెళ్ళొచ్చా, వెలిమడ మీదుగానా? యూపీఐ పనిచేస్తుందా?

ఘాట్‌రోడ్_భాను:

హార్టన్ అయితే పట్టిపొల, పార్కు, ఒహియా, బొరలంద, హపుతలే, సూపర్ రూట్. కానీ అది నేషనల్ పార్కు, విదేశీయులకి టికెట్ గట్టిగానే ఉంటుంది, సైకిల్‌ని గేటు దాటనిస్తారో లేదో నువారా ఎలియాలోనే కనుక్కో, లేకపోతే అంత పైకెక్కి వెనక్కి దిగాలి. కుదరకపోతే వెలిమడ. పౌర్ణమి ఎప్పుడో కూడా చూసుకో, పోయ అని సెలవు, ఊళ్ళన్నీ జనం, రూములు ముందే బుక్ చేసుకోవాలి, మందు కూడా అమ్మరు 😄

చిత్తూరు_చైన్‌రింగ్:

యూపీఐ 2024 నుంచి ఉంది, పెద్ద షాపుల్లో సరే, టీ కొట్టు వాడికి నోట్లే కావాలి. సైకిల్ ప్యాక్ చేసి తెచ్చిన అట్టపెట్టె నెగొంబో గెస్ట్‌హౌస్‌లోనే దాచమని ముందే మెసేజ్ పెట్టు, తిరుగు ఫ్లైట్‌కి అదే పనికొస్తుంది. టైర్లలో గాలి నింపే సీఓటూ కార్ట్రిడ్జ్‌లు ఇంట్లో వదిలేసి చేతిపంపు పెట్టుకో, ఎయిర్‌పోర్టులో వాటి గురించి ఎవడు వాదిస్తాడు.