కృత్రిమ కాలుతో నడిస్తే ఆయాసం: కార్బన్ ఫుట్ వేస్తే తగ్గుతుందా?

నడకబాట: వయసు 52. బండి ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మిగిలిన కాలు దూర్చే తొడుగు, అంటే సాకెట్, ప్లాస్టిక్‌ది; పాదం శాచ్ ఫుట్, అంటే చీలమండ కదలని, మెత్తటి మడమ ఉన్న మామూలు రకం. చదును రోడ్డు మీద పది నిమిషాలకే రొప్పు. స్ప్రింగ్‌లా వంగే కార్బన్ ఫుట్ వేయించమంటున్నారు, ధర చూస్తే గుండె గుభేల్. అంత పెడితే ఆయాసం ఎంత తగ్గుతుంది?

కీలు_పిన్ను: మామూలు నడకలో తగ్గేది కొంచెమే. ప్రమాదంలో మోకాలి కింద పోయినవారికి అదే దూరానికి సుమారు 25 శాతం ఎక్కువ శక్తి పడుతుంది. మోకాలి పైన అయితే 60 శాతం పైమాటే. రక్తనాళాల జబ్బుతో తీసినవారికి ఇవి 40, 100 దాకా వెళ్తాయి. అయితే నిమిషానికి లెక్కేస్తే పెద్ద తేడా కనబడదు, మనిషి తెలియకుండానే నిదానిస్తాడు కాబట్టి. పక్కవాళ్లతో సమానంగా నడవబోతేనే రొప్పు.

అసలు కారణం చీలమండ కీలు. మామూలు కాలిలో పిక్క కండ అడుగు చివర నేలను నెట్టి ఒంటిని ముందుకు తోస్తుంది. శాచ్‌లో ఆ తోపు దాదాపు లేదు, ఆ లోటు తుంటి కండలూ మంచి కాలూ పూడ్చాలి. కార్బన్ స్ప్రింగ్ తనలోకి వెళ్లిన శక్తిలో కొంత తిరిగిస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు. మోటారు చీలమండే ఆ పని చేయగలదు, కానీ దాని ధర, బరువు, బ్యాటరీ వేరే కథ. వేగంగా నడిచేవారికి కార్బన్ పనికొస్తుంది. ముందు సాకెట్ చూపించండి.

సాకెట్_సుత్తి: నిజం. సాకెట్ అంచు దగ్గర సాక్స్ మీద పెన్నుతో గీత గీసి, కాలు ఎత్తి చూడండి. సెంటీమీటరు దాకా జారితే ప్రతి అడుగులో కాలు పొడుగై, పాదం నేలకు తగలకుండా తుంటి ఎత్తాల్సి వస్తుంది. మధ్యాహ్నానికి స్టంప్ (మిగిలిన కాలు) చిక్కుతుంది, 1 ప్లై సాక్స్ కలపండి (ప్లై అంటే సాక్స్ మందం లెక్క). మొత్తం 10 ప్లై దాటినా వదులుంటే సాకెట్ మార్చాల్సిందే. పొడవు కూడా కొలిపించండి: నిలబడినప్పుడు రెండు తుంటి ఎముకలూ సమానంగా ఉండాలి.

నడకబాట: ఇంట్లో వట్టి పాదం, బయట బూటు. దాని వల్లా తేడా వస్తుందా?

సాకెట్_సుత్తి: వస్తుంది, చాలామంది పట్టించుకోరు. బూటు మడమ ఎత్తుకు సరిచేసిన కాలును వట్టిగా వాడితే సాకెట్ వెనక్కి వాలి మోకాలిని వెనక్కి నెడుతుంది, చదును నేలే ఎత్తు ఎక్కుతున్నట్టుంటుంది. ఇంట్లోనూ అదే మడమ ఎత్తున్న చెప్పులు వాడండి.

కీలు_పిన్ను: మార్పు నిజమో కాదో నాడితో తేల్చుకోవచ్చు. కూర్చుని నాడి చూడండి. తర్వాత కొలిచిన చదును దారిలో 5 నిమిషాలు నడిచి, ఆగగానే మళ్లీ చూడండి. రెంటి తేడాను నిమిషానికి నడిచిన మీటర్లతో భాగించండి. 80 నుంచి 116కి పెరిగి, వేగం 60 మీటర్లయితే 0.6. మరమ్మతు తర్వాత అదే బూటుతో, అదే దారిలో కొలిస్తే తగ్గిందో లేదో తెలుస్తుంది. బీపీకి బీటా బ్లాకర్ వాడేవారికి మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఆ మందు నాడిని అణచి ఉంచుతుంది.