పిల్లగాన్ని వారానికో రోజు అడవికి పంపుతమంటున్నరు, ఒప్పుకోవాల్నా?

దేవరకొండ తమ్ముడు (కొత్త సభ్యుడు)

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. నాలుగు నెలల కింద స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చినం. బాబుకు 7 ఏండ్లు, ఇయర్ టూ. హైదరాబాద్‌ల ఉన్నప్పుడు కూడా కుదురుగ కూసోడని కంప్లైంట్లు వచ్చేవి, కానీ అక్కడ టీచర్ ఒక దెబ్బేసి ఊకునేది. ఇక్కడ వారంల రెండు మూడు సార్లు పగలు పన్నెండింటికే ఫోన్ వస్తుంది, వచ్చి తీస్కపొమ్మని. లొల్లి ఎక్కువైతే చెవులు మూసుకుంటడు, బల్ల కిందికి దూరుతడు. ఒకసారి కుర్చీ విసిరిండు.

పోయిన వారం మీటింగ్ పెట్టిన్రు. ప్రతి బుధవారం ఫారెస్ట్ స్కూల్‌కు పంపుతం, ఊరి బయట అడవిల ఉంటది, సంతకం పెట్టుమని సెన్‌కో మేడం (బళ్ల ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల సంగతి చూసే టీచర్) ఫారం ఇచ్చింది. వీడియో కాల్‌ల మా అమ్మకు చెప్తే "ఇన్ని పైసలు పెట్టుకొని సీమకు పోయి పిల్లగాన్ని కట్టెలకు తోలుతున్నరా?" అన్నది. నాకూ అదే అనుమానం. ఇది మెల్లగ బడి నుంచి బయటికి నూకే ప్లానా? వీసాకు ఏమన్న ఇబ్బంది అయితదా? మా ఆమె రాత్రంతా నిద్రపోలె.

సూర్యాపేట అన్న

తమ్ముడు, ఏం ఫికర్ చెయ్యకు, సంతకం పెట్టు. ఇక్కడ కొన్ని మామూలు బళ్లల్ల రిసెప్షన్ (ఇయర్ వన్ కంటే ముందు క్లాసు) పిల్లలందర్నీ తోలుతరు. మా బిడ్డ కూడ పోయొచ్చింది. బురద ప్యాంట్లు ఉతకలేక సచ్చినం, అంతే.

అచ్చంపేట అక్క

తమ్ముడూ, సూర్యాపేట అన్న చెప్పింది అబద్ధం కాదు, కానీ సగం ముచ్చటే. క్లాసు క్లాసంతా కలిసి పోయేది వేరు, బళ్ల ఇముడతలేడని నీ ఒక్క కొడుకును పంపేది వేరు. అడవిల చేసే పనులు ఒకటే. కాయిదాలే వేరు. రెండూ చెప్త, జర ఓపికతోని చదువు.

ముందు అడవి సంగతి. మా పెద్దోనికి ఇప్పుడు 13. వాడు ఇయర్ త్రీల ఉన్నప్పుడు మాదీ నీ కథనే. ఫారం తెచ్చి టేబుల్ మీద పెడితే మా ఆయన రెండు రోజులు దాని దిక్కు చూడలె. నాకైతే మా అన్న యాదికొచ్చిండు. మాది నల్లమల అంచున ఊరు. ఆయన అయిదో తరగతి కాడ బడి బందు పెట్టిండు, సార్లు మొద్దు అన్నరు. ఆ మొద్దుకు ఏ తునికి చెట్టు పండ్లు తియ్యగుంటయో, ఏ తొర్రల తేనె ఉంటదో, సలేశ్వరం లోయల దిగేటప్పుడు ఏ బండ మీద కాలు జారుతదో అన్నీ తెలుసు. మేకలెంట పోయి నేర్చుకున్నడు. మన దిక్కు అడవికి పోవుడంటే సదువు ఆగిపోయినట్టే. మీ అమ్మ భయం అదే, ఆమెను తప్పు పట్టకు. మా అన్నను ఆ చెట్ల కాడి నుంచి మళ్ల బడికి తీస్కరావచ్చని ఎవ్వరికీ తోచలె. ఇక్కడ ఆ పనే చేస్తమంటున్నరు. అది నిజంగ చేస్తున్నరా లేదా అన్నది నువ్వు కనిపెట్టి చూడాలె.

నీ కొడుకు కోసం కొత్తగ పుట్టించింది కూడ కాదిది. 1993ల సోమర్సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్లు డెన్మార్క్ పోయి, అక్కడ చిన్న పిల్లలు చలిల, వానల బయటనే ఆడుకుంట నేర్చుకునుడు చూసొచ్చి ఇక్కడ మొదలు పెట్టిన్రు. 2012 నుంచి ఫారెస్ట్ స్కూల్ అసోసియేషన్ ఉన్నది. ఒక్కనాడు పిక్నిక్ లెక్క పోయొస్తే వాళ్లు దాన్ని ఫారెస్ట్ స్కూల్ అనరు. అదే చెట్ల కిందికి, అదే గుంపుతోని, వారం వారం, నెలల తరబడి పోవాలె. నడిపేటోళ్లకు ఫారెస్ట్ స్కూల్ నడిపే ట్రైనింగ్‌ల లెవల్ త్రీ అర్హత ఉండాలె. నువ్వు ముందు అడగాల్సింది అదే: "నడిపేది ఎవరు, అర్హత ఏంది, ఎన్ని వారాలు?"

మావోడు పోవుడు మొదలైన మూడో నెలల ఒకనాడు తల్లిదండ్రులను రమ్మన్నరు. నవంబర్, సన్న జల్లు. మధ్యల నిప్పు గుండం, చుట్టూ కూసునెటందుకు దుంగలు పరిచిన్రు. దుంగల లోపలి నుంచి ఎవ్వరూ అడ్డం నడువొద్దు, చుట్టు తిరిగే రావాలె. నిప్పు కాడికి పోతే ఒక మోకాలు నేలకు ఆనిచ్చి కూసోవాలె, తూలినా నిప్పుల పడకుంట. మావోని చేతిల గీకితే రవ్వలు రాలే కడ్డీ, ముందట వాజలిన్ పూసిన దూది. గీకిండు, రవ్వ రాలింది, అంటుకోలె. మళ్ల గీకిండు. నేను నలభై దాకా లెక్కపెట్టి ఇడిసిపెట్టిన. అయిదు నిముషాలు కుర్చీల నిలువడని నాకు లెటర్ల మీద లెటర్లు పంపిన పిల్లగాడు ఇరవై నిముషాలు ఆ తడి నేల మీద నుంచి మోకాలు తియ్యలె. అంటుకున్నంక కేక కూడ పెట్టలె. పక్కనున్న పిల్ల దిక్కు తిరిగి, "నీ దూది ఇంకా పల్చగ పీకు, గాలి పోవాలె" అని ఇంగ్లీషుల చెప్పిండు. వాడు తనంత తాను ఇంకో పిల్లతోని ఇంగ్లీషుల మాట్లాడుడు నేను వినుడు అదే మొదలు.

ఎందుకు అట్లైతదంటే, నాకు తోచింది చెప్త. క్లాసుల ముప్పై మంది, నెత్తి మీద లైట్లు, కుర్చీల గీకుడు, గోడల నిండ రంగు కాయిదాలు. చెవులు మూసుకునే పిల్లగానికి అది సంతల కూసున్నట్టు. చెట్ల కింద లొల్లి చేసినా మోగదు. ఒక పెద్ద మనిషికి కొద్దిమంది పిల్లలే. కోపమొస్తే దూరం పోయి నిలవడనిస్తరు, కట్టిన రిబ్బన్ దాటకుంట. "ఒకటి రెండు మూడు, యాడున్నవ్?" అని పిలిస్తే పలుకుడు మొదటి వారమే ఆటలెక్క నేర్పుతరు. రంపం గిట్ల వెంటనే ఇయ్యరు. మావోనికి ఆరు వారాలైనంకనే ఇచ్చిన్రు. కట్టెను పట్టుకున్న చేతికే గ్లౌజ్, రంపం చేతికి ఉండదు. ఈ ముక్క వాడు ఇంటికొచ్చి మా ఆయనకు లెక్చర్ ఇచ్చిండు.

మాయమంత్రం అని మాత్రం అనుకోకు. ఫారెస్ట్ రీసెర్చ్ అనే సర్కారు అడవుల పరిశోధన సంస్థ వాళ్లు 24 మంది పిల్లలను 8 నెలలు గమనించి, ధైర్యం, మాట, కలివిడి పెరిగినయని రాసిన్రు. మంచి మాటనే, కానీ 24 మందే. చదువుడు రాయుడు చెట్టు కింద దానంతటదే రాదు. బుధవారం శాంతంగ ఉన్న పిల్లగాడు గురువారం మళ్ల బల్ల కిందికి దూరిండంటే తప్పు వానిది కాదు, బడి ఏం మార్చుకోలేదని.

ఇగ కాయిదాలు. వీసా భయం ఇడిసిపెట్టు. బడి సదువు, దాంట్ల ఇచ్చే ప్రత్యేక సాయం పబ్లిక్ ఫండ్స్ (వీసా వాళ్లు తీసుకోవద్దనే సర్కారు డబ్బు) లెక్కలకు రావు. డీఎల్‌ఏ అని వైకల్యం ఉన్న పిల్లల కోసం ఇచ్చే డబ్బు ఒకటుంటది, అది మాత్రం ఆ లెక్కలకు వస్తది. వీసా మీద "నో రికోర్స్" (ఆ పబ్లిక్ ఫండ్స్ తీసుకోవద్దని షరతు) ఉంటే ఎవరో చెప్పిన్రని దానికి అప్లై చేయకు, లాయర్‌ను అడిగినంకనే.

పన్నెండింటికి ఫోన్ చేసి తీస్కపొమ్మనుడు ఉన్నది సూడు, అది సస్పెన్షన్ అని రాసి ఇయ్యకుంట చేస్తే చట్టానికి విరుద్ధం. వాడు "కూల్ డౌన్" కావాలని తియ్యగ చెప్పినా అంతే. నువ్వు పోయి తీస్కరా, కానీ ఇంటికొచ్చినంక మెయిల్ పెట్టు: "ఫలానా తారీఖు ఇన్ని గంటలకు ఫోన్ చేస్తే తీసుకొచ్చినం, దీన్ని ఏమని రాసుకున్నరు?" గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. నేను మూడు మెయిల్స్ పెట్టిన, నాలుగోసారి ఫోన్ రాలె.

తర్వాత ఈహెచ్‌సీపీ, అంటే పిల్లగానికి ఏ సాయం ఇయ్యాలో కౌన్సిల్ రాసిచ్చే చట్టబద్ధమైన ప్లాన్. దీని కోసం బడి రాసిన దాకా ఆగాల్సిన పని లేదు, తల్లిదండ్రులే కౌన్సిల్‌కు ఉత్తరం రాసి అసెస్‌మెంట్ అడగొచ్చు. డాక్టర్ డయాగ్నసిస్ చేతిల లేకున్నా అడగొచ్చు, ఈ ముక్క బళ్లల్ల చాలామంది చెప్పరు. చేస్తమో చెయ్యమో 6 వారాలల్ల చెప్పాలె, ప్లాన్ ఇచ్చేదుంటే మొత్తం 20 వారాలల్ల ఇయ్యాలె. ఆలస్యం చేస్తరు, అది వేరే ముచ్చట. ఉత్తరం ఎట్ల రాయాలో ఇప్సియా అనే చారిటీ వెబ్‌సైట్‌ల నమూనా ఉన్నది. ప్రతి కౌన్సిల్ ఏరియాల సెండియాస్ అని ఉచితంగ సలహా ఇచ్చేటోళ్లు ఉంటరు, రమ్మంటే కొన్నిచోట్ల మీటింగ్‌కు కూడ ఎంట వస్తరు. ఇదంతా ఇంగ్లండ్ ముచ్చటనే. వేల్స్‌ల, స్కాట్లండ్‌ల పద్ధతి వేరు.

బట్టలు: కాటన్ జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, పైన జాకెట్, ఒక సైజు పెద్ద వెల్లీస్ (రబ్బరు బూట్లు), లోపట ఊలు సాక్సులు. కొత్తవి కొనకు, చారిటీ షాపుల దొరుకుతయి. టిఫిన్‌ల అన్నం పెట్టకు, మట్టి చేతులతోని ఎట్ల తింటడు? రొట్టె చుట్టి పెట్టు. ఒకటి తప్పకుండ అడుగు: టాయిలెట్ ఎట్లున్నది? మావోడు రెండో వారం పోనంటే పోనని మొండికేసిండు. వారం తర్వాత తెలిసింది, గుడారంల బకెట్ చూసి భయపడ్డడని. నిప్పు మీద మార్ష్‌మెలో అనే మెత్తటి మిఠాయి కాలుస్తరు, దాంట్ల పశువుల తోలు, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటది. మీరు తినకపోతే ముందే చెప్పు, వేరేవి తెస్తరు.

నకిరేకల్ అన్న

అక్క అంతా మంచిగ రాసింది. నేను చేదు ముచ్చట చెప్త, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా బిడ్డకు కూడ మొదలు వారంల ఒక్క రోజే అన్నరు. అడవిల మస్తు నవ్వుకుంట ఉంటుందని ఫొటోలు పంపిన్రు. మేమూ సంబరపడ్డం. తర్వాతి టర్మ్‌ల రెండు రోజులైనయి. ఆ తర్వాత మిగిలిన మూడు రోజులు మధ్యాహ్నం దాకనే. ఏడాదైనంక చూస్తే బిడ్డకు నిప్పు పెట్టొస్తది, ముడి వెయ్యొస్తది, పుస్తకం తెరిస్తే లైను చదువరాదు. అడిగితే "అక్కడ ఎంత బాగుందో చూడండి" అన్నరు. ఆ ఫొటోలు మా నోరు మూసేతందుకు పనికొచ్చినయి. అడవి తప్పు కాదు, ఆ నడిపే ఆమె దేవత. బడి చేతులు దులుపుకున్నది, అంతే.

కాబట్టి తమ్ముడూ, సంతకం పెట్టే ముందట ఫారం మీద రాయించు: ఏ రోజు, ఎన్ని వారాలు, ఎన్నడు కూసోని మళ్ల చూస్తం, ఆ రోజు పోయిన చదువు ఎప్పుడు చెప్తరు. హాజరు పట్టికల ఏ కోడ్ వేస్తున్నరో అడుగు. వేరే చోట చదువుకుంటున్నడని రాయాలె గానీ రాలేదని రాయొద్దు. సగం పూట టైం టేబుల్ అంటే నీ ఒప్పుకోలు లేకుంట పెట్టొద్దు, పెట్టినా కొద్దికాలమే ఉండాలె.

ఈహెచ్‌సీపీ వచ్చినంక సెక్షన్ ఎఫ్ (ఏ సాయం ఇయ్యాలో రాసే భాగం) చదువు, ఒక్కొక్క మాట. మాకు "బహిరంగ అభ్యాసానికి అవకాశాలు కల్పించబడును" అన్నట్టు రాసిన్రు. దాని అర్థం ఏమన్న కావచ్చు, కిటికీ తెరిచినా అవకాశమే. వారానికి ఎన్ని గంటలు, ఎవరు, ఎంతమంది పిల్లలకు ఒకరు, అన్నీ అంకెలల్ల ఉండాలె. మేం ట్రిబ్యునల్‌కు (ఇసొంటి తగాదాలు తేల్చే కోర్టు లాంటిది) అప్పీల్ పెట్టినం. విచారణ తారీఖుకు రెండు వారాల ముందట కౌన్సిలే దిగొచ్చి మాట మార్చింది. అప్పీల్‌కు ఫైనల్ ప్లాన్ ఉత్తరం తారీఖు నుంచి రెండు నెలలే టైం ఉంటది, కవర్ పక్కకు పెట్టి మరువకు.

వనపర్తి చెల్లె

అన్నా, నేను నర్స్‌ను. రెండు ముక్కలు. అడవి నుంచి రాంగనే స్నానం చేయిస్తూ మోకాలి వెనుక, గజ్జల కాడ, జుట్టు అంచున చూడండి. టిక్ అని నువ్వుగింజంత గోమారి లాంటిది పట్టుకుంటది. సన్న పట్టుకారుతోని చర్మానికి ఆనించి పట్టి మెల్లగ నిటారుగ గుంజాలె, నూనె పొయ్యొద్దు, కాల్చొద్దు. తర్వాత కొన్ని వారాల దాకా అక్కడ మచ్చ పెద్దగయితుందేమో చూసుకోండి, అయితే జీపీకి (మీ ఏరియా డాక్టర్‌కు) చూపించాలె. మన రంగు చర్మం మీద ఎరుపు అంత తేటగ కనవడదు, కాబట్టి వెలుతురుల చూడండి.

రెండోది, ఇంట్ల తెలుగు బందు పెట్టి ఇంగ్లీషే మాట్లాడుమని ఎవరన్న చెప్తే వినకండి. ఇంగ్లీషు కొత్తగ నేర్చుకునుడు వేరు, నేర్చుకునుట్ల ఇబ్బంది ఉండుడు వేరు. చట్టం కూడ ఆ రెండిటినీ ఒకటి అనదు. పిల్లగాడు తెలుగుల కథ వరుసగ చెప్తడా, రెండు పనులు ఒక్కసారి చెప్తే అర్థం చేసుకుంటడా అన్నది రాసి సెన్‌కోకు ఇవ్వండి. అది వాళ్లకు తెలిసే దారి మీరే.

దేవరకొండ తమ్ముడు

మూడు వారాలైంది, అందరికీ చెప్దామని వచ్చిన. ఫారం మీద అడిగినయన్నీ రాయించినం, మేడం మొదలు మొహం మాడ్చుకున్నది గానీ రాసింది. 12 వారాలు, ఆరో వారం మీటింగ్. నడిపే ఆయనకు లెవల్ త్రీ ఉన్నది. టాయిలెట్ ముందే పోయి చూపిచ్చినం. కౌన్సిల్‌కు ఉత్తరం పోయింది.

మొదటి బుధవారం వాడు ఎవ్వరితోని కలవలేదట, ఒక చెట్టు మొదట్ల కూసోని ఆకులు చింపిండట. రెండోసారి నాయినమ్మకు వీడియో కాల్ చేసి ముండ్ల చెట్టుకు కాసిన నల్ల పండ్లు చూపిచ్చిండు. మా అమ్మ "పరికి పండ్లలెక్కనే ఉన్నయి కదరా, కడిగి తిను" అన్నది. ఇంక కట్టెల మాట ఎత్తలె.

నిన్న ఒక కర్ర తెచ్చిండు, వాని ఎత్తు ఉంటది. ఒక కొసకు తొక్క తీసి నున్నగ చేసిండు. బస్సుల ఎక్కనియ్యలేదట, వాళ్లమ్మ నడిపిచ్చుకొచ్చింది, రెండు మైళ్లు. మంచం పక్కనే పెట్టుకుంటనంటుండు. మాది ఒక్క బెడ్రూం ఇల్లు, ప్రతి వారం ఒకటి తెస్తే ఎట్లక్కా?

అచ్చంపేట అక్క

తలుపు వెనుక నిలవెట్టు తమ్ముడూ. మా ఇంట్ల పదకొండున్నయి. పారేద్దామని ఒకసారి ఒకటి తీస్తే, అది ఏ చెట్టుదో, ఏ నెలల తెచ్చిండో చెప్పి మళ్ల అక్కడనే పెట్టిండు.