వన్‌టీన్ ఎందుకు లేదు?

మా అక్క కూతురు రెండో తరగతి. నిన్న రాత్రి నంబర్ల స్పెల్లింగులు రాస్తూ టెన్ దగ్గర పెన్సిల్ ఆపి, "మామయ్యా, థర్టీన్, ఫోర్టీన్ ఉన్నాయి కదా, మరి వన్‌టీన్, టూటీన్ ఎందుకు లేవు?" అంది. "అదంతే, రాయి" అనేశా. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. తెలిసినంత ఇక్కడ పెడుతున్నా.

థర్టీన్‌లో టీన్ అంటే పదే. మూడూ పదీ కలిపారు. ఇలెవన్‌లో ఆ పది పైకి వినపడదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో దీని రూపం ఎండ్‌లెయోవన్. దాని చుట్టం, ఇప్పుడెవరూ మాట్లాడని గోథిక్ భాషలో ఐన్‌లిఫ్. ఐన్ అంటే ఒకటి. లిఫ్ అన్న ముక్కది ఇప్పటి 'లీవ్' పుట్టిన ధాతువే, మిగలడం అని అర్థం. అంటే ఇలెవన్ 'ఒకటి మిగిలింది', ట్వెల్వ్ 'రెండు మిగిలాయి'. ఎంత పోగా మిగిలాయో చెప్పరు. పది పక్కన పెట్టేశాక చేతిలో ఉన్నవాటి లెక్క అన్నమాట. మన సంతలో కొబ్బరికాయలు పదేసి కుప్పలు పోసి, చివర్లో "ఇంకో రెండున్నాయి" అనడం లాంటిదే.

వ్యాఖ్య: బావుంది. మన పదకొండు, పన్నెండు కూడా అంతేనా?

జవాబు: కాదండీ. మనవాటిలో పది ఉంది, అరిగిపోయింది. పదకొండు పాత రూపం పదునొకండు, పన్నెండుది పండ్రెండు. పద్యాల్లో ఇంకా కనిపిస్తాయి. పదికి ఒకటి, పదికి రెండు కలిపారంతే. మన దగ్గర వింతంతా పదికి ముందుంది. కన్నడ ఒంబత్తు చూడండి, ఒకటీ పదీ కలిపి తొమ్మిది చేశారు, పదికి ఒకటి తక్కువ అని. మన తొమ్మిది చివర 'ది' కూడా ఆ పదిదే. అటు పది దాటాక మిగిలింది లెక్కపెడితే, ఇటు పదికి తగ్గింది లెక్కపెట్టారు.

వ్యాఖ్య: ట్వెల్వ్ ప్రత్యేకం కాబట్టే డజను వచ్చింది కదా మాస్టారూ?

జవాబు: నేనూ అలాగే అనుకునేవాణ్ని. డజను ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వెనక లాటిన్ డువోడెకిమ్ ఉంది, రెండూ పదీ అని. తమాషా ఏమిటంటే ట్వెల్వ్‌లో లేని పది డజనులో ఉంది! మనం అరటిపళ్ల బండి దగ్గర రోజూ అనే మాటలో లాటిన్ పది దాక్కుంది.

వ్యాఖ్య: అబ్రహాం లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగంలో 'ఫోర్ స్కోర్ అండ్ సెవెన్' అన్నాడు. స్కోర్ అంటే ఇరవై అని డిగ్రీలో బట్టీ పట్టాం. ఇరవై ఎలా అయింది?

జవాబు: నాలుగిరవైలు ఎనభై, పైన ఏడు. ఆ ప్రసంగం చేసిన 1863 లోంచి 87 తీసేస్తే 1776, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఏడాది. ఇక స్కోర్ అంటే అసలు గాటు. డెన్మార్క్, నార్వేల నుంచి ఇంగ్లండుకు వచ్చి స్థిరపడ్డవాళ్ల భాష నుంచి వచ్చిన మాట. గొర్రెల్లాంటివి లెక్కపెట్టేటప్పుడు ఇరవైకోసారి కర్రమీద గాటు పెట్టేవారట, అలా గాటే ఇరవై అయింది. మా నాయనమ్మ పాల లెక్క కోసం తలుపు వెనకాల బొగ్గుతో గీతలు గీసేది. అక్కడ కత్తి, ఇక్కడ బొగ్గు.

ఈ గాట్ల కర్రలతో బ్రిటన్ ఖజానా 1826 దాకా లెక్కలు నడిపింది. 1834 అక్టోబర్ 16న ఆ పాత కర్రల్ని వదిలించుకుందామని పార్లమెంటు భవనం కింద కొలిమిలో వేసి కాలిస్తే, మంట అదుపు తప్పి భవనం చాలావరకు తగలబడిపోయింది. పాత లెక్కలు ఊరికే పోతాయా!

క్రికెట్‌లో కూడా తొలిరోజుల్లో పరుగుకో గాటు చొప్పున కర్రమీద పెట్టేవారు. టీవీ ముందు కూర్చుని "స్కోరెంత?" అని మనం అడిగేది ఆ గాట్ల గురించే.

వ్యాఖ్య: హండ్రెడ్ మన శతమేనా?

జవాబు: మూలం ఒకటే. శతం, లాటిన్ కెంటుమ్, పాత ఇంగ్లీషు హుండ్ ఒక తల్లి పిల్లలు. హుండ్‌కి లెక్క అనే అర్థమున్న 'రెడ్' తగిలించి హండ్రెడ్ చేశారు. కానీ అది ఎప్పుడూ వందే అని నమ్మకండి. స్కోర్ ఇచ్చిన ఆ డెన్మార్క్, నార్వే వాళ్ల పాత నార్స్ భాషలో హుండ్రాద్ అంటే మామూలుగా 120. ఇంగ్లండులో కూడా కొన్ని సరుకులకు ఆరు స్కోర్ల 'పెద్ద వంద' చాలాకాలం నడిచింది. హండ్రెడ్‌వెయిట్ అనే బ్రిటిష్ తూకం అయితే ఇటు 100 కాదు, అటు 120 కాదు, 112 పౌండ్లు. ఇది చూశాక నాకు మన మణుగులు, వీశెలు ఎంతో బుద్ధిమంతుల్లా అనిపించాయి.

వ్యాఖ్య: ఫోర్ట్‌నైట్ వదిలేశారు.

జవాబు: ఫోర్టీన్ నైట్స్ కుదించారు, అంతే. వాళ్లు రాత్రులు లెక్కపెట్టారు. వారానికి కూడా సెన్నైట్ అనే మాట ఉండేది, ఏడు రాత్రులని. మన పక్షానికి పదిహేను తిథులు కాబట్టి రెండూ సరిగ్గా ఒకటి కావు.

ఇంకో సంగతి. పొద్దున బడికి వెళ్లేముందు పిల్లకి 'ఒకటి మిగిలింది, రెండు మిగిలాయి' కథ చెప్పా. బూట్లు వేసుకుంటూ, "మరి పదమూడుకి మూడు మిగిలాయి అనరేం?" అంది. ఇంగ్లీషు వాళ్లు పన్నెండుతో ఆపేశారు గానీ లిథువేనియా వాళ్లు అంటారమ్మా అన్నాను. వాళ్లకి పదకొండు వియెనువోలిక, పన్నెండు ద్వీలిక, పదమూడు త్రీలిక, అలా పంతొమ్మిది దాకా అన్నీ 'మిగిలినవే'. హోంవర్క్ పుస్తకం తీసి థర్టీన్ పక్కన తెలుగులో త్రీలిక అని రాసుకుని వెళ్లిపోయింది. టీచరు ఏమన్నారో సాయంత్రం చెబుతా.