వారాసిగూడలో 110 గజాల పాత ఇల్లు, 83 లక్షలు: తీసుకుని బాగు చేయించుకోవచ్చా?

గల్లీ నంబర్ 7
అందరికీ నమస్తే. మేముండేది హైదరాబాద్ తార్నాకలో, అద్దెకు. వారాసిగూడలో ఒక పాత ఇల్లు చూశాను. 110 గజాలు, తూర్పు ముఖం, 1987లో కట్టింది. కింద ఒక పెద్ద పోర్షన్, పైన రెండు చిన్నవి. పిల్లర్లు లేవు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే. కింద షాబాద్ బండలు, టేకు తలుపులు. అన్నదమ్ములిద్దరు అమ్ముతున్నారు, 83 లక్షలు చెబుతున్నారు. ఆ డబ్బుకు నాగోల్ అవతల కొత్త ఫ్లాట్ చూద్దామని మా ఆవిడ. "ఇంటికెక్కడ ఇస్తున్నావు, జాగాకి ఇస్తున్నావు, కళ్లు మూసుకుని తీసుకో" అని మా బావ. ఒక పదిహేను లక్షలు పెడితే కింద మేముండి పైన అద్దెకివ్వచ్చని నా ఆలోచన. మేస్త్రిని తీసుకెళ్తే ఐదు నిమిషాలు తిరిగి "రంగులేస్తే కొత్తిల్లే సార్" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచే టెన్షన్ మొదలైంది.

గజాల లెక్క
బావగారు చెప్పిందే కరెక్ట్. గజం 75 వేల చిల్లర పడుతోంది, పైన ఉన్న ఇల్లు ఊరికే వచ్చినట్టు. అదే 83 లక్షల ఫ్లాట్‌లో మీ పేరు మీద రాసే భూమి వాటా ఎంత? నేను చూసినవాటిలో నలభై గజాలు దాటింది ఒక్కటీ లేదు. కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ కూడా, పాతింటికి ఆ గొడవే లేదు. రేపు పడగొట్టి కట్టుకుందామన్నా 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు ఆన్‌లైన్‌లో మనమే ధ్రువీకరించుకుంటే వెంటనే అనుమతి వస్తోంది. ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకొకరు ఎగరేసుకుపోతారు.

సైట్‌లో ఇరవై ఏళ్లు
"ఊరికే వచ్చినట్టు" అనే మాట దగ్గరే నాకు అభ్యంతరం. పాడైన ఇల్లు ఊరికే రాదు, మీకే ఖర్చు పెడుతుంది.

ఆ రోజుల్లో చాలా ఇళ్లకు స్లాబ్ నాలుగు అంగుళాలు, కడ్డీ కింద కాంక్రీటు కవర్ అంతంత మాత్రం. మేడ మీద నీళ్లు నిలిచి కిందకు దిగితే కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కింది కాంక్రీటును నెట్టేస్తుంది. సీలింగ్ పెచ్చులు ఊడటం అంటే అదే. పైన వాటర్‌ప్రూఫ్ పూత పూస్తే కొత్త నీళ్లు ఆగుతాయేమో గానీ లోపల మొదలైన తుప్పు అంత తేలిగ్గా ఆగదు. ఒక చిన్న సుత్తి పట్టుకెళ్లండి. బాత్రూమ్ పక్క గది, వంటింటి సీలింగ్ మెల్లగా తట్టండి. గట్టిగా మోగితే మంచిది. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. ఒకటి రెండు చోట్లే అయితే వదులు కాంక్రీటు చెక్కేసి, కడ్డీ శుభ్రం చేసి, తుప్పు ఆపే పూత వేసి పాలిమర్ మోర్టార్‌తో మూస్తారు. సగం గది గీతలైతే ఆ స్లాబ్ తీసి కొత్తది పోయాల్సిందే. మీ పదిహేను లక్షల్లో పెద్ద ముక్క దానికే పోతుంది.

పిల్లర్లు లేవన్నారు కదా, అంటే బరువంతా గోడల మీదే. హాలు పెద్దది చేద్దామని గోడ తీయించకండి. రంగులేస్తే చాలన్న మేస్త్రే రేపు "తీసేద్దాం సార్, ఏం కాదు" అంటాడు. ఇక వైరింగ్, పాత ఇనుప (జీఐ) నీళ్ల పైపులు, డ్రైనేజీ లైను మొత్తం కొత్తవి వేసుకోవాల్సినవే, చూడక్కర్లేదు, ఖర్చులో రాసేసుకోండి.

పాతింటి కోడలు
తమ్ముడూ, మేం 2016లో నల్లకుంటలో ఇలాంటిదే కొన్నాం. ఇంజినీర్ గారు చెప్పినవన్నీ మాకూ ఉన్నాయి, చేయించుకున్నాం. మేం చూసుకోనిది ఒక్కటే, రోడ్డు.

రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైనే పోశారు. ముప్ఫై ఏళ్లలో గడప కంటే రోడ్డు ఎత్తయింది. కొన్నప్పుడు ఎండాకాలం, ఎవరికి తెలుస్తుంది? 2020 అక్టోబర్ 13 రాత్రి వాన ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. మా హాల్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. బయటి వాన నీళ్లే కాదు, డ్రైనేజీ చాంబర్ నుంచి వెనక్కి తన్నినవి కూడా. కొత్తగా చేయించిన వార్డ్‌రోబ్‌లన్నీ ఉబ్బి పోయాయి. బియ్యం డబ్బా ఎత్తి మంచం మీద పెట్టి, ఆ మంచం మీదే తెల్లార్లూ కూర్చున్నాం.

తర్వాత జాకీలతో ఇల్లు ఎత్తించుకుందామని ఇద్దరిని పిలిపించాం. ఒకాయన మూడడుగులు ఎత్తుతానన్నాడు, ఇంకొకాయన ఈ గోడలకు వద్దన్నాడు. ఇద్దరూ చూసింది ఒక్క ఇంటినే! చివరికి కింద గచ్చు ఎత్తు పెంచుకున్నాం, ఇప్పుడు మా ఆయన ఫ్యాన్ కింద చెయ్యెత్తి చొక్కా తొడుక్కోలేడు.

కొన్నందుకు బాధ లేదు. పిల్లల స్కూలు, కూరగాయలు, ఆస్పత్రి అన్నీ నడిచి వెళ్లే దూరం. కానీ వాన పడుతున్నప్పుడు ఆ గల్లీలో గొడుగు పట్టుకుని నిలబడి చూశాకే కొనమంటాను.

గజాల లెక్క
అక్కా, 2020లో గేటెడ్ కమ్యూనిటీల సెల్లార్లలో కార్లు మునగలేదా?

పాతింటి కోడలు
కార్లు మునిగాయి బాబూ. మాకు మునిగింది వంటిల్లు.

వాయిదాల మనిషి
గోడల సంగతి అందరూ చెబుతున్నారు, నేను డబ్బు సంగతి చెబుతా. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షల 22 వేలు. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్ అయితే బ్యాంకు 80 శాతం దాటి ఇవ్వకూడదు, ఆ లెక్కలో రిజిస్ట్రేషన్ ఖర్చు కలవదు. పైగా 1987 కట్టడం కాబట్టి వాళ్ల వాల్యుయర్ ఇంటికి విలువ దాదాపు ఏమీ కట్టడు. ప్లాన్ కాగితం ఉందా, పైన రెండు పోర్షన్లు అందులో ఉన్నాయా అని కూడా అడుగుతాడు. 60 లక్షలు వచ్చిందనుకోండి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లంటే నెలకు 52 వేలు. పైన రెండు పోర్షన్లకు ఎంతొస్తుంది?

గల్లీ నంబర్ 7
ఇప్పుడున్నవాళ్లు ఎనిమిదిన్నర వేలు చొప్పున ఇస్తున్నారు. బాగు చేయిస్తే పదీ పదకొండు అడగొచ్చు.

వాయిదాల మనిషి
అంటే పెంచాక కూడా వాయిదాలో సగం రాదు. సొంతానికి ఉండటానికైతే కొనండి. అద్దెల మీద పెట్టుబడి అని మాత్రం మీ ఆవిడకు చెప్పకండి. ఇంకొకటి, ఆస్తి 50 లక్షలు దాటితే 1 శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పన్ను, వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని కట్టాలి, ఇక్కడ 83 వేలు.

కాగితాల పిచ్చి
అన్నదమ్ములిద్దరు అన్నారు. అక్కచెల్లెళ్లు లేరా? ఆడపిల్లలకూ సమాన వాటా అని 1985 నుంచే ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ఉంది. అంతకు ముందే పెళ్లయినవాళ్లు ఉంటే 2005 దాకా వాళ్లకు వర్తించేది కాదు.

నల్లకోటు
ఇక్కడ చిన్న పొరపాటు ఉంది. మీరు చెప్పే చట్టం పిత్రార్జితానికి సంబంధించింది. తండ్రి సొంత సంపాదనతో కొని, వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక వాటా. పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే రాదు. కట్నం ఇచ్చాం, అప్పట్లోనే సెటిల్ అయింది అని నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు. అందరి సంతకాలూ సేల్ డీడ్ మీద ఉండాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం చూపించాలి. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. స్థలం అంతకు ముందు కొన్నదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించండి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా, అదే 22-ఎ, అందులో ఉందేమో కూడా చూసుకోండి.

గజాల లెక్క
ఇన్ని చూస్తే ఈ ఊళ్లో ఎవరూ ఇల్లు కొనలేరు సార్.

నల్లకోటు
కొంటారు. తర్వాత నా దగ్గరికి వస్తారు.

గల్లీ నంబర్ 7
ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాను, సుత్తితో. పైన వెనక పోర్షన్ వంటింట్లో నాలుగు చోట్ల డొల్ల. అందులో అద్దెకుండే పిన్నిగారు సీలింగ్ మూల చూపించి "వానొస్తే అక్కడ బకెట్ పెడతాం" అన్నారు. ఓనర్ అన్నగారి ముఖం మాడిపోయింది. కింద హాలు సీలింగ్ మాత్రం గట్టిగానే మోగింది. రోడ్డు గడప కంటే జానెడు కిందే ఉంది, అది నయం.

స్థలం వాళ్ల నాన్నగారు 1979లో కొన్నారట, 2011లో పోయారు, వీలునామా లేదు, అమ్మగారు అంతకు ముందే పోయారు. అక్కచెల్లెళ్లు ఇద్దరు. ఒకావిడ వచ్చి సంతకం పెడతానన్నారు. చిన్నావిడ నిజామాబాద్‌లో ఉంటుంది, తండ్రి పోయినప్పటి నుంచి అన్నలతో మాటల్లేవట. "అది మేం చూసుకుంటాం, మీరు ముందు ఐదు లక్షలు అడ్వాన్స్ ఇవ్వండి, రేటు 79కి తగ్గిస్తాం" అంటున్నారు.

సైట్‌లో ఇరవై ఏళ్లు
నాలుగు చోట్లే అయితే భయపడక్కర్లేదు. ఆ వంటిల్లు మొత్తం విప్పించి, మేడ మీద వాలు సరి చేయించాలి. 76 అడగండి.

నల్లకోటు
76 అయినా, 70 అయినా, నిజామాబాద్ ఆవిడతో మీరు స్వయంగా ఫోన్‌లో మాట్లాడేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

గల్లీ నంబర్ 7
నంబర్ అడిగాను సార్. రెండు రోజులైంది, ఇంకా ఇవ్వలేదు.