మనవణ్ణి షింతో గుడికి తీసుకుపోతే మతం మారినట్టా?

కందుకూరు అమ్మమ్మ:

అందరికీ నమస్కారం. నేను సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. అష్టాంగ మార్గం, త్రిరత్నాలు పాతికేళ్లు బోర్డు మీద రాసిన చెయ్యే ఇది. ఇప్పుడు మా ఇంట్లోనే ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది, జవాబు చెప్పలేకపోతున్నాను.

మా అమ్మాయి, అల్లుడు జపాన్‌లో ఉంటారు. నవంబరులో ఐదేళ్ల మనవడికి కిమోనో తొడిగి షింతో గుడికి తీసుకెళ్లారు. షింతో అంటే జపాన్ వాళ్ల సొంత పాత మతం. ఏడు-ఐదు-మూడు అని అక్కడ పిల్లల పండుగ. ఆ వయసు పిల్లలకు దీవెన చేయిస్తారు, వెయ్యేళ్లు బతకమని పొడుగాటి మిఠాయి పుల్లలు పెడతారు. ఫొటోలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పడ్డాయో లేదో, మా మరిది "వదినా, బిడ్డను ఏ మతంలో కలిపారు?" అని అడిగాడు. ఆయన ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. ఎరుమేలిలో వావరు మసీదుకు దండం పెట్టుకున్నాకే శబరిమల కొండకు పోతాడు. ఆ మాటంటే "అది వేరు" అంటాడు.

అమ్మాయిని అడిగితే ఇంకా తికమక పెట్టింది. వాళ్ల పక్కింట్లో బిడ్డ పుడితే షింతో గుడి, పెళ్లి చర్చి లాంటి హాల్లో, చావుకు బౌద్ధ భిక్షువు. అంతా ఒకే కుటుంబం. నిజం క్రైస్తవులు ఆ దేశంలో నూటికి ఒకరేనట. మరి వీళ్లది ఏ మతమని రాసుకోవాలి? అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

సంతపేట వెల్డర్:

టీచరమ్మా, మాది నెల్లూరు. ఐటీఐ చేసి, జపాన్‌లో తకాసాకి అనే ఊర్లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో మూడేళ్లు వెల్డింగు పని చేసొచ్చినా. పుస్తకాల సంగతి మీకే బాగా తెలుసు, నేను చూసింది చెప్తా.

ముందు మాయమ్మ సంగతి వినండి. నాకు వీసా రాక ఏడాది తిరిగితే, మొహర్రం అప్పుడు రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా కాడికి పోయింది. కొంగు నెత్తిన కప్పుకొని స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి "వీసా రొట్టె, వీసా రొట్టె" అని అడిగింది. కడప నుంచి వచ్చిన ఒకామె ఇచ్చింది, ఆమె కొడుకు అంతకు ముందే కువైట్ పోయినాడంట. నాకు వీసా వచ్చినాక మరుసటేడు మాయమ్మే రొట్టెలు కాల్చుకొని పోయి ఆ చెరువులోనే పంచింది. శనివారం వస్తే రంగనాయకుల గుడి తప్పదామెకు. నీది ఏ మతమమ్మా అంటే, నీకేమన్నా పిచ్చా అన్నట్టు చూస్తాది.

ఇంక నేను దిగిన ఊరు చూస్తే దారుమ బొమ్మలకు పేరు. ఎర్రగా, గుండ్రంగా, కాళ్లూ చేతులూ లేకుండా ఉంటాయి. కళ్లు తెల్లగా వదిలేసి అమ్ముతారు. మొక్కుకునేప్పుడు ఒక కన్ను దిద్దాల, తీరినాక రెండోది దిద్దాల. ఏడాది అయినాక గుడికి తిరిగిచ్చేస్తే కాల్చేస్తారు, కొత్తది తెచ్చుకోవాల. మా ఫ్యాక్టరీ ఆఫీసులో కూడా ఆర్డర్ల కోసం ఒకటి ఒంటికన్నుతో కూర్చోనుండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మాయమ్మ రొట్టే గుర్తొచ్చేది. తీరిందాకా బాకీ, తీరినాక చెల్లు.

ఆ దారుమ ఎవరనుకున్నారు? బోధిధర్ముడు. మన దక్షిణాది నుంచి చైనా పోయిన భిక్షువంటారు, కంచి రాజు కొడుకని కూడా ఒక కథ. మన ధ్యానం అనే మాటే చైనాలో చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. తొమ్మిదేళ్లు గోడ వైపు చూస్తా కూర్చుంటే కాళ్లు పడిపోయినాయంట, అందుకే బొమ్మకు కాళ్లుండవు. కోరిక వదలమన్న దారిలో పోయిన మనిషి బొమ్మకు, ఉద్యోగం రావాలని కన్ను దిద్దతారు. మొదట నవ్వుకున్నా. మనం మాత్రం ఏం తక్కువ చేస్తుండామబ్బా!

మేము అద్దెకున్న ఇంటి ముసలామె ముందుగదిలో చిన్న బీరువా లాంటి బౌద్ధ మందిరం ఉండేది, అందులో మొగుడి ఫొటో. పొద్దున అన్నం వండితే తొలిముద్ద ఆయనకే. మా జేజి సంక్రాంతికి పెద్దలకు గుడ్డలు పెట్టేది గుర్తొచ్చింది, కాకపోతే ఈమెకు రోజూ సంక్రాంతే. గోడకు ఎత్తులో ఇంకొక చెక్క అర, అది షింతో దేవుళ్లది. ఉప్పు, బియ్యం, నీళ్లు పెట్టేది. రెంటికీ తగాదా లేదు. ఒకసారి ఆమె తమ్ముడు పోయినాడు. ఆరోజు ఆ పైఅరకు తెల్ల కాగితం అడ్డం అంటించేసింది. మనం మైలలో దేవుడికి దీపం మానేస్తాం గదా, అట్నే. అప్పుడెక్కింది నా బుర్రకు: షింతోలో చావు అంటు, అందుకే చావు పనంతా బౌద్ధుల చేతికి పోయింది. అక్కడ ఏ మతం అని కాదు, ఏ పనికి ఏ గుడి అని అడగాల.

ఆ తమ్ముడి దహనానికి నేనూ పోయినా. కాల్చినాక ఇంటోళ్లు ఇద్దరిద్దరు కలిసి పుల్లలతో ఎముకలు ఏరి కుండలో వేస్తారు. కాళ్ల ఎముకలు ముందు, తల చివర, మనిషి కుండలో నిలబడినట్టు ఉండాలని. మన బోడిగాడితోట శ్మశానంలో అస్తికలు చేత్తో ఏరి పెన్నలో కలుపుతాం, అంతే తేడా. అంతకు ముందెప్పుడో క్యాంటీన్‌లో నా పుల్లలతో చేపముక్క పట్టుకొని పక్కోడి పుల్లలకు అందిస్తే బల్లంతా మూగబోయింది. పుల్లల నుంచి పుల్లలకు అందించేది ఎముకల్నే అని ఆరోజు తెలిసింది.

మీ మరిదికి ఇంకొకటి చెప్పండి. అక్కడ బెంజాయితెన్ అని చేతిలో వీణ లాంటిది పట్టుకున్న అమ్మవారు, ఎక్కువగా నీళ్ల మధ్య గుళ్లలో ఉంటాది. మన సరస్వతే. షింగోన్ అనే శాఖ బౌద్ధుల గుళ్లో గోమ అని అగ్గి వేసి చేస్తారు, అది హోమమే.

గుండ్లకమ్మ ఒడ్డు:

వెల్డరన్నా, బాగా రాశావు. కానీ మైల దగ్గరికొచ్చి చేపముక్క వైపు తిరిగిపోయావు. నేను మైల దగ్గరే ఆగుతా.

జపాన్‌లోనూ చచ్చిన పశువును తీసేవాళ్లు, తోలుపని వాళ్లు ఊరి చివరే బతికారు. బురాకుమిన్ అంటారు. చావు అంటు అని షింతో, ప్రాణిని చంపడం పాపమని బౌద్ధం, రెండూ కలిసి వాళ్ల నెత్తిన పడ్డాయి. 1871లో ఆ తేడా రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత కూడా సంబంధం కలుపుకునేటప్పుడు పుట్టిన పేట ఏదని ఆరా తీయడం ఆగలేదు.

మావాళ్లదీ తోలుపనే, ఒంగోలు పక్క. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వడానికి కూలికి పోయారు. క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ కాలువలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకొని పని చూపించాడు. తిండి కోసం వస్తారని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. మా ఇంట్లో పిలకాయలకు ఎక్కాలతో పాటు ఈ లెక్కా చెప్తారు. అదే ఏటికి ఎగువన, దొనకొండ పక్క చందవరంలో శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపం ఉంది. నేను చూసొచ్చాను. స్తూపం నాటి భిక్షువులు పోయారు, ఊరి చివరి ఇళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నది వీసా కోసమో సంతానం కోసమో కాదు కదా.

వీసా రొట్టె ఎవరి చేతిదైనా తింటాం. మా ఊళ్లో శ్మశానాలు మాత్రం మూడు.

పెన్నగట్టు పాఠకుడు:

ఒక చిన్న మాట. షింతో, బౌద్ధం వేరు వేరు మతాలని గట్టిగా గీత గీసింది సర్కారు. 1868లో మెయిజీ ప్రభుత్వం రెంటినీ విడదీయమని ఉత్తర్వు ఇచ్చేదాకా ఒకే ఆవరణలో కలిసి ఉండేవి. దాని తర్వాత చాలాచోట్ల బుద్ధ విగ్రహాలు పగిలాయి. చావు బౌద్ధులకు పోవడానికి కూడా మైల ఒక్కటే కారణం కాదు. అంతకు ముందు తొకుగావా సైనిక పాలకుల కాలంలో, తాము క్రైస్తవులం కాదని రుజువుకు ప్రతి ఇల్లూ ఒక బౌద్ధాలయంలో పేరు రాయించుకోవలసి వచ్చింది. ఆ ఖాతా ఇప్పటికీ దినాలకు పనికొస్తోంది.

మన ఊరివాడు తిక్కన 13వ శతాబ్దంలోనే శివుణ్ణీ విష్ణువునూ ఒకటి చేసి హరిహరనాథుడికి భారతం అంకితమిచ్చాడు. పైన గుండ్లకమ్మ తమ్ముడు అడిగిన దానికి అదీ జవాబు కాదు, ఒప్పుకుంటాను.

సంతపేట వెల్డర్:

తమ్ముడూ, నువ్వన్నది కాదనను. రొట్టె ఇచ్చినామె ఏ కులమో మాయమ్మ అడగలా. నా పెళ్లికి అడిగింది.

కందుకూరు అమ్మమ్మ:

అన్నీ మరిదికి చదివి వినిపించాను. శ్మశానాల దగ్గర లేచి మంచినీళ్లకు పోయాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చివరికి "వదినా, ఆ కన్ను దిద్దే బొమ్మ అమ్మాయి వచ్చేప్పుడు తెస్తుందా?" అని అడిగాడు. వాళ్లబ్బాయి గ్రూప్-2 రాస్తున్నాడు. మా అమ్మాయి వాళ్లు ఆగస్టులో రావాలనుకుంటున్నారు.

సంతపేట వెల్డర్:

చిన్నది తెమ్మనండి, సూట్‌కేసులో పడతాది. మాకాడ బొమ్మకు ఎడమ కన్ను ముందు దిద్దేవాళ్లు, అంటే చూసేవాళ్లకు కుడి. ఆగస్టు నడిమధ్యలో మాత్రం టికెట్లు తీయొద్దనండి. అప్పుడు ఓబోన్, పెద్దలు ఇంటికొచ్చే పండగ. దేశమంతా సొంతూళ్లకు బయల్దేరతాది, మన సంక్రాంతి బస్సుల మాదిరే.