సన్నీళ్ళ స్నానం: మన తిరుపతి నీళ్ళతో ఆ లాభాలు వస్తాయా?

అలిపిరి_నడక:
పొద్దున్నే సన్నీళ్ళు పోసుకుంటే జలుబు రాదు, బరువు తగ్గుతుంది అని నడక గ్రూపుల్లో రోజూ ఒక మెసేజ్ తిరుగుతోంది. ఉడుకు నీళ్ళు మానేయండని అరవై దాటినవాళ్ళకీ చెప్తున్నారు. దీనికి ఆధారంగా చూపించేది 2016లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనం. 3,018 మంది, 30 రోజులు. మామూలుగా వేడి షవర్, ఆఖర్లో 30, 60 లేదా 90 సెకన్లు సన్నీళ్ళు. అక్కడి సన్నీళ్ళు 10–12 డిగ్రీలు! మన బోరు నీళ్ళు ఏడాదంతా ఇంచుమించు 28. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళు పోసుకుంటే ఒళ్ళు చురుక్కుమంటుంది. ఆ ఫలితాన్ని ఈ నీళ్ళకు అంటగట్టడం తప్పు.

జిమ్_చిత్తూరు:
అన్నా, ఆ అధ్యయనంలోనే జబ్బు పేరుతో సెలవు పెట్టడం 29 శాతం తగ్గింది కదా. 30 సెకన్లకూ 90 సెకన్లకూ తేడా కూడా లేదు. అంటే ఒళ్ళు ఝల్లుమంటే చాలు. ధనుర్మాసంలో తెల్లవారుజామున ట్యాంకు నీళ్ళు బాగానే చల్లబడతాయి. చాలకపోతే ఐసు ఉంది.

అలిపిరి_నడక:
తేడా లేనిది సమయంలో తమ్ముడూ, చల్లదనంలో కాదు. మూడు గుంపులకీ అవే నీళ్ళు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: సెలవులు తగ్గాయి గానీ జబ్బుపడ్డ రోజులు తగ్గలేదు. జలుబు వచ్చినా ఆఫీసుకు పోయారన్నమాట. పైగా ఎవరు ఏ గుంపులో ఉన్నారో వాళ్ళకే తెలుసు, ఆ నమ్మకం ప్రభావం ఎంతో విడదీయలేం.
ఐసు లెక్క కూడా చూడు. 15 లీటర్లను 28 నుంచి 12 డిగ్రీలకు దించాలంటే సుమారు 2.6 కిలోల ఐసు కావాలి. కరిగేలోపు గాలి వేడి కూడా తగులుతుంది కాబట్టి మూడు కిలోలు అనుకో. రోజూ ఎవరు తెస్తారు? బరువు మాట వదిలెయ్. వణుకు పుడితేనే ఒంట్లో శక్తి ఖర్చు బాగా పెరుగుతుంది, రెండు నిమిషాల స్నానానికి వణుకే రాదు.

ఫిజియో_మదనపల్లి:
బరువులెత్తేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. 2015లో వచ్చిన అధ్యయనంలో వ్యాయామం కాగానే 10 డిగ్రీల నీళ్ళలో 10 నిమిషాలు కూర్చున్నవాళ్ళకు 12 వారాల్లో కండ తక్కువ పెరిగింది. కండ పెంచాలనుకుంటే ఆ రోజు అంత చల్లని నీళ్ళు వద్దు. పరుగు తర్వాత నొప్పులకు కొంత పని చేస్తుంది, అదీ 10–15 డిగ్రీల తొట్టిలో మునిగితేనే. చెంబుతో పోసుకుంటే ఆ ఫలితం ఆశించకండి.
సన్నీళ్ళకు తిరుగులేని చోటు వడదెబ్బ. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఆగకుండా ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ గాలి విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో మాత్రం పోయకండి.

జిమ్_చిత్తూరు:
మరి పెద్దవాళ్ళకు సన్నీళ్ళు ప్రమాదమని కొందరు అంటారే, కార్తీకంలో కపిలతీర్థంలో అందరూ మునగడం లేదా మేడమ్?

ఫిజియో_మదనపల్లి:
మునుగుతారు, చాలామందికి ఏమీ కాదు. కానీ చల్లని నీళ్ళు ఒక్కసారిగా మీద పడితే మొదటి అరనిమిషంలో ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీళ్ళు లోపలికి పోతాయి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. 3,550 మెట్లెక్కి, ఆయాసం తీరకముందే తెల్లారగట్ల తిరుమల చలిలో సన్నీళ్ళు కుమ్మరించుకోవడం మరీ వద్దు. కాసేపు కూర్చుని, ఊపిరి కుదురుకున్నాక పాదాలు, చేతులు, భుజాలు తడిపి, ఆఖర్న తల. ఊపిరి బిగబట్టకుండా మెల్లగా వదులుతూ ఉండాలి. రోజూ పోసుకుంటే నాలుగైదు రోజులకు ఆ ఎగబీల్పు తగ్గుతుంది.
చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయేవాళ్ళు, దద్దుర్లు లేచేవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. దద్దుర్ల అనుమానం ఉంటే క్లినిక్‌లో ఐసు ముక్కను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముంజేతి మీద 5 నిమిషాలు ఉంచుతారు. తీశాక 10 నిమిషాల్లో అంతమేరా చర్మం ఉబ్బితే చెరువుల్లో, తీర్థాల్లో మునగకూడదు. ఒళ్ళంతా ఒకేసారి తడిస్తే బీపీ పడిపోయి స్పృహ తప్పవచ్చు.

జిమ్_చిత్తూరు:
సరే మేడమ్, బరువుల రోజు ఐసు మానేస్తాం. కానీ పొద్దున్నే మత్తు వదలడానికి మన కుళాయి నీళ్ళయినా చాలు. ఆ ఒక్కటి నేను వదులుకోను.

అలిపిరి_నడక:
దానికి ఎవరూ అడ్డు చెప్పడం లేదు తమ్ముడూ. గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ వస్తే మాత్రం, గుండె, బీపీ మాట కింద చేర్చి పంపించు.